పలుపు కూడా ఇచ్చేసిన రోజు

2022లో ఎండలు ముదురుతున్న రోజులు. రొంపిచెర్ల మండలంలో, పెద్ద రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న ఒక ఊరు. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను. మిగిలినదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఈ మాట పనిగట్టుకుని చెప్పడానికి కారణం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో నా నోటికున్న పేరు అటువంటిది. నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగం కూడా నీళ్ళు కలిసిన పాలే అనుకోమని కొత్తవాళ్ళకు మా ఆవిడే చెబుతుంటుంది.

నాది గొడ్ల పని. గోపాలమిత్రగా పాతికేళ్ళ నుంచి ఊళ్ళు తిరుగుతున్నాను. నా మోటారుసైకిలు వెనక ఒక అల్యూమినియం డబ్బా కట్టి ఉంటుంది. అందులో లిక్విడ్ నైట్రోజన్, అంటే మంచు కూడా వేడిగా అనిపించేంత చల్లటి ద్రవం. దాంట్లో మేలుజాతి దున్నల వీర్యం సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి ఉంటుంది. గేదె ఎదకొచ్చిందని ఫోను రాగానే వెళ్ళి చూలు కట్టించి వస్తాను. దీన్ని ఆర్టిఫిషియల్ ఇన్సెమినేషన్ అంటారు. ఊళ్ళలో మాత్రం ‘సూది వెయ్యటం’ అనే అంటారు. అందులో సూది అన్నదే ఉండదు. అయినా నేను సూది సాంబయ్యనైపోయాను. చిన్నాచితకా జబ్బులకు మందిస్తాను, పెద్దదైతే పశువుల డాక్టరుగారిని పిలిపిస్తాను.

మరి అబద్ధాలు ఎందుకంటే, అవీ పనిలో భాగమే. యజమాని కంగారు పడితే గేదె బెదురుతుంది. బెదిరిన గేదెకు చూలు నిలవడం కష్టం. కాబట్టి ముందు మనిషిని నవ్వించాలి. ఈ సంగతి ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు, నా సొంత పరిశోధన.

ఈ విద్యలో నన్ను ఓడించిన మనిషి ఒక్కరే, కోటేశ్వరమ్మక్క. యాభై ఏళ్ళుంటాయి. నాకు చుట్టమేమీ కాదు, కానీ ఆమె నన్ను ‘ఒరేయ్ సాంబా’ అంటుంది, నేను ‘అక్కా’ అంటాను. ఆమె భర్త వెంకట్రావు నాకు బావ. అక్కకూ నాకూ మధ్య ఒక ఒప్పందం ఉండేది. ఒకరు కోత కోస్తే రెండోవాళ్ళు ‘అబద్ధం’ అనకూడదు. అంతకంటే పెద్దది కొయ్యాలి. కొయ్యలేనివాళ్ళు ఓడినట్టు.

‘‘అక్కా, నిన్న నా డబ్బా మూత తీస్తే ఒక దోమ లోపల పడి గడ్డకట్టింది. పోనీలే పాపమని తీసి ఎండలో పెట్టా. కరిగి లేచి, పెట్టినోణ్ణే కుట్టింది’’ అన్నానొకసారి.

ఆమె పాలు పితుకుతూ తల కూడా ఎత్తలేదు. ‘‘అదేం పెద్ద ఇడ్డూరంరా? మొన్న మా గౌరి పెరుగులో కవ్వం ఇరుక్కుపోయింది. మీ బావ లాగితే రాలా. ఎడ్లు కట్టి లాగిచ్చాం. కవ్వం రాలా గానీ కుండతో సహా ఇల్లు కదిలింది. చూడు, గుమ్మం ఇంకా వంకరగానే ఉంది’’ అంది.

ఆ గుమ్మం నిజంగానే వంకర. ఓడిపోయి, గ్లాసుడు మజ్జిగ తాగి వచ్చాను.

గౌరి ఆమె ముర్రా గేదె. దాన్ని పితికేటప్పుడు కోటేశ్వరమ్మక్క ఇంట్లో జరిగినవన్నీ దానికి చెప్పుకునేది. మొగుడి గురక, పక్కింటి కోళ్ళు, మిరప తోటలో కూలీలు రాకపోవడం, అన్నీ. గౌరి చెవులు కదుపుతూ వినేది, పాలు ధారగా వచ్చేవి.

ఆ ఏడాది మార్చి చివర్లో వెంకట్రావు బావ ఫోను చేశాడు. ‘‘ఒరేయ్, బర్రె ఎగచేపుతంది. చెంబుడు పాలు కూడా ఇవ్వటల్లా. దిష్టేమో అని ఎండుమిరపకాయలు కూడా తిప్పేశాం. వచ్చి చూడు.’’

వెళ్ళి చూశాను. జ్వరం లేదు. ఎడమ డొక్కలో పిడికిలి పెట్టి చూస్తే కడుపు చక్కగా కదులుతోంది, నెమరు వేస్తోంది. సీఎంటీ చేశాను. అంటే నాలుగు గుంటలున్న పళ్ళెంలో నాలుగు చనుకట్ల పాలు విడివిడిగా పోసి ఒక మందు కలుపుతాం. పొదుగువాపు ఉంటే పాలు జిగటగా చిక్కబడతాయి. ఏ గుంటలోనూ చిక్కబడలేదు. గేదెకు జబ్బు లేదు, పొదుగులో పాలున్నాయి, దించడం లేదంతే.

‘‘పితికే ముందు పాలు దిగే సూదేసి లాగుదామా? ఊళ్ళో అందరూ ఏస్తన్నారంట’’ అన్నాడు బావ.

‘‘అట్టాంటి సూదులు నా దగ్గర లేవు, ఉన్నా ఎయ్యను. సాయంత్రం అక్క పితికేటప్పుడు చూడనీ’’ అన్నాను.

పాలు దిగడాన్ని ఇంగ్లీషులో మిల్క్ లెట్ డౌన్ అంటారు, మనం చేపు అంటాం. దూడ మూతి తగిలినా, అలవాటైన చెయ్యి పడినా, అలవాటైన గొంతు వినిపించినా గేదె మెదడు నుంచి ఒక హార్మోను వస్తుంది, పొదుగులోంచి పాలు దిగుతాయి. కొత్త మనిషి వచ్చినా, భయం వేసినా అది ఆగిపోతుంది. అందుకే పితికే మనిషిని చూడకుండా గేదెకు మందు రాయకూడదు.

సాయంత్రం కోటేశ్వరమ్మక్క చెంబు పట్టుకుని వచ్చింది. ఒక క్షణం గుర్తుపట్టలేదు నేను. మనిషి చిక్కిపోయింది. జాకెట్టు భుజాల మీద వదులుగా వేలాడుతోంది. జుట్టు చిక్కులు కట్టి ఉంది. తల దువ్వకుండా గుమ్మం దాటని మనిషి ఆమె. అడుగు తీసి అడుగు వేయడానికి కాళ్ళకు బురద అంటుకున్నట్టు నడిచింది. పొదుగు కడగకుండానే కూర్చుంది. చేతులు చనుకట్ల మీద పెట్టి, అక్కడే మర్చిపోయింది. నోట మాట లేదు. గౌరి వెనక్కి తిరిగి ఆమెను చూసింది, కాలు మార్చుకుంది, పాలు ఎగబట్టింది.

నేను నా మందు వేశాను. ‘‘అక్కా, తెలుసా? మాచర్లలో ఒక బర్రె సెల్‌ఫోను మింగింది. ఇప్పుడు దాని పొట్ట మీద చెయ్యేస్తే వాతావరణం చెబుతంది.’’

ఆమె నా వైపు చూసింది. కళ్ళు నా మీదే ఉన్నాయి, చూపు మాత్రం నా దగ్గరిదాకా రాలేదు. ‘‘అట్టనా’’ అంది.

అంతే. పాతికేళ్ళలో నా కోతలకు తిట్లు తిన్నాను, ఒకసారి చెప్పు కూడా విసిరారు. ఆ ‘అట్టనా’ అన్న మాటకు భయపడినంతగా దేనికీ భయపడలేదు.

బయటికొచ్చి బావను అడిగాను. అక్క ఎట్టా తింటంది, ఎట్టా పడుకుంటంది, నలుగురిలోకి వస్తందా అని. గొడ్డు గురించి మేం మొదట అడిగేవి ఇవే. మేత, పడక, మందలో కలవడం.

‘‘రెండు ముద్దలు తిని లేస్తది. తెల్లవారుజామునే లేచి అరుగు మీద గమ్మున కూర్చుంటది. చర్చికి పోతన్న పిన్నమ్మోళ్ళు పలకరిచ్చినా పలకదు. తలనొప్పంటది, ఒళ్ళు నొప్పులంటది. ఊళ్ళో డాక్టరు చేత బలానికి సెలైను ఎక్కిచ్చా. తాయెత్తు కట్టిచ్చా. ఇంకేం చెయ్యాల్రా? పంట బాగానే ఉంది, పిల్ల కాపురం బాగానే ఉంది. ఏం తక్కువ దీనికి?’’

‘‘నరసరావుపేటలో పెద్ద డాక్టరుకు చూపిద్దాం బావా.’’

‘‘కల్లంలో మిరపకాయలున్నాయి. అవి కోల్డ్ స్టోరేజీకి ఎత్తనీ. అయినా నువ్వు బర్రెల డాక్టరువి, నా పెళ్ళాం సంగతి నీకెందుకురా?’’ అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కాయలు ఎత్తేలోపే ఆమె నాకు ఫోను చేసింది. గొంతు తేటగా ఉంది. ‘‘సాంబా, గౌరికి మంచి ఇల్లు చూడు. కొట్టేవాళ్ళు వద్దు. దూడను తల్లి నుంచి విడగొట్టేవాళ్ళు వద్దు. ధర నాకు పట్టింపు లేదు, తొందరగా చూడు.’’ మాటలు వరసగా వస్తున్నాయి. మనిషి తేరుకుందనుకున్నాను. ఎడ్లపాడు వైపు పాడి ఉన్న వీరయ్య అనే పెద్దాయనకు చెప్పాను. గొడ్డును బిడ్డలా చూసే మనిషి. బేరం కుదిరింది. అసలు బేరమే ఆడలేదు ఆమె.

గేదెనూ దూడనూ ఎక్కించుకోవడానికి వీరయ్య ట్రాలీ ఆటో తీసుకుని పొద్దున్నే వచ్చాడు. కోటేశ్వరమ్మక్క తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని అందరికీ టీ ఇచ్చింది. బావ ముఖం వెలిగిపోతోంది. ‘‘చూశావా? ఆ గొడ్డు చాకిరీకే నలిగిపోయింది. వదిలించుకుంటదనేసరికి మనిషి లేచి తిరుగుతంది’’ అని నా చెవిలో అన్నాడు.

గొడ్డును అమ్మేటప్పుడు మా వైపు ఒక పద్ధతి ఉంది. గొడ్డునిస్తారు కానీ దాని మెడలో పలుపు ఇవ్వరు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుని కట్టుకుంటాడు, అమ్మినవాళ్ళు పాత పలుపు విప్పి ఇంట్లో చూరుకు తగిలించుకుంటారు. పాడి ఆ ఇల్లు విడిచి పోకూడదని, రేపెప్పుడైనా ఆ పలుపుకు మళ్ళీ ఒక గొడ్డు రావాలని. పాడి పూర్తిగా మానేసిన ఇళ్ళలో కూడా నల్లబడిన పలుపులు చూరుకు వేలాడుతుండటం చూశాను.

వీరయ్య తెచ్చిన కొత్త పలుపు కట్టాడు. కోటేశ్వరమ్మక్క పాతది విప్పింది. దాన్ని చుట్టలా చుట్టి, ఆయన చేతిలో పెట్టింది.

‘‘ఏందమ్మా, ఇది మీ ఇంట్లో ఉండాల్సింది’’ అన్నాడాయన.

‘‘తీసకపో పెద్దాయనా. ఈ ఇంట్లో దీంతో ఇంక పని లేదు.’’

‘‘దాందేముంది, పాత తాడేగా, వేసుకో పెద్దాయనా’’ అన్నాడు బావ ట్రాలీ వెనక ఎక్కుతూ.

కొత్త చోట గేదె బెదరకుండా మొదటి పూట పాత మనిషి వెళ్ళి పితికి రావాలి. ఆమే వెళ్ళాలి నిజానికి. ‘‘మీ బావ వెళ్తాడులే, నాకు ఇంట్లో పనుంది’’ అంది. గౌరి నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. తరవాత నాతో అంది, ‘‘నా మాట తిట్టులాగా ఉంటదిరా సాంబా, ఎప్పుడన్నా నొచ్చుకుంటే మనసులో పెట్టుకోబాక.’’

‘‘నువ్వు తిట్టకపోతేనే నొచ్చుకుంటా’’ అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ మోసపోయాను.

పెద్ద రోడ్డు దగ్గర ట్రాలీ ఆగింది. వెనక బండి మీద నేను కూడా ఆగాను. వీరయ్య పలుపు చేతిలో పట్టుకుని దిగాడు. ‘‘సాంబయ్యా, నాకిది తీసకపోబుద్ధి కావటల్లా. మా పెద్దమ్మ, ఇల్లు తగలబడతంటే బియ్యం బస్తా వదిలేసి పలుపు పట్టుకుని బయటికొచ్చింది. ఎవరన్నా ఇచ్చేస్తారంటయ్యా?’’

ఎండలో నిలబడి ఉన్నాను, అయినా నా డబ్బాలో చెయ్యి పెట్టినట్టయింది. కడుపునొప్పితో కొట్టుకుంటున్న గొడ్డు ఉన్నట్టుండి నెమ్మదిస్తే ఇంట్లోవాళ్ళు తగ్గిందని సంతోషిస్తారు. మేం భయపడతాం. లోపల ఏదో తెగిందేమోనని. తిండి లేదు, నిద్ర లేదు, మాట లేదు. ఉన్నట్టుండి ఈ తేట గొంతు, ఉతికిన చీర, మనసులో పెట్టుకోబాక అన్న మాట. ఇష్టమైనదానికి మంచి ఇల్లు చూడటం. మొగుణ్ణి ఎడ్లపాడు పంపించడం. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె ఒక్కతే ఉంది.

‘‘బావా, దిగు. ఇంటికి పోదాం పద. అక్క ఏమన్నా చేసుకుంటదేమో.’’

బావ గౌరి కొత్త పలుపు పట్టుకుని ట్రాలీ పైనుంచి నవ్వాడు. ‘‘పొద్దున్నే మొదలెట్టావా? ఇప్పుడేగా నవ్వతా సాగనంపింది.’’

‘‘కోతలు కాదు బావా, నిజం. నా పిల్లల మీద ఒట్టు.’’

‘‘పోయినేడు కూడా ఇట్టాగే ఒట్టేసి, కొండచిలవ నీ బండికి గాలి కొట్టిందన్నావు.’’

అన్నాను. నిజంగానే అన్నాను. పాతికేళ్ళుగా నా నోటితో నేను కట్టుకున్న గోడ అది, దాని అవతల ఆయన నవ్వుతూ నిలబడి ఉన్నాడు. అప్పుడు వీరయ్య పలుపును ఆయన ఒళ్ళోకి విసిరాడు. ‘‘ఈయన్ని నమ్మబాక. దీన్ని నమ్ము. నీ పెళ్ళాం ఇది నాకెందుకిచ్చింది?’’

బావ పలుపు వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. దిగి నా బండి వెనక ఎక్కాడు.

ఇంటి తలుపుకు బయట తాళం. తాళంచెవి కిటికీ గట్టు మీద, బావకు కనపడేట్టు పెట్టి ఉంది. బావ ‘కోటీ’ అని అరవబోతే, ఆమె బెదరకుండా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. పెరట్లోకి వెళ్ళాం. వాకిలి, పెరడు, గొడ్లపాక, అన్నీ ఊడ్చి కళ్ళాపి చల్లి ఉన్నాయి. పాకలో గౌరిని కట్టే గుంజకు ఆనుకుని ఆమె కూర్చుని ఉంది. ప్రాణంతో ఉంది. పక్కన ఏముందో రాయను. నేను వెళ్ళి, ఆమెకూ దానికీ మధ్య కూర్చుని, దాన్ని నా వెనక్కి నెట్టేశాను. బావ పాక బయటే గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

ఏదైనా కథతో మొదలుపెడదామనిపించింది. నోరు అలవాటుగా అటే వెళ్ళింది. ఆపుకున్నాను.

‘‘అక్కా, చచ్చిపోదామనుకుంటన్నావా?’’

‘‘ఎవరు చెప్పారు నీకు?’’ అంది.

‘‘పలుపు చెప్పింది.’’

అప్పుడు మాట్లాడింది. మాటకూ మాటకూ మధ్య చాలా ఖాళీ. ‘‘బాధయితే ఏడిచేదాన్నిరా. ఏడుపు కూడా రావటల్లా. తింటంటే మట్టి తిన్నట్టుంది. మీ బావ మంచోడు, పిల్ల మంచిది, అందరూ మంచోళ్ళు. నేనే బరువు. గౌరి కూడా నా చెయ్యి పడితే చేపటల్లా. నోరులేని జీవానికి కూడా తెలిసిపోయింది, నేను పనికిరానిదాన్నని.’’

‘‘ఆ ఒక్క సంగతీ నాకు వదిలెయ్యక్కా, అది నా పని’’ అన్నాను. ‘‘గౌరికి నువ్వంటే పడక ఎగచేపలా. దానికి నీ గొంతు కావాల. నువ్వు మాట్లాడటం మానేశావు, అది వెతుక్కుంది. కొత్త మనిషి అనుకుంది. నీకు జబ్బు చేసింది, దాన్నే ముందు పట్టుకుంది ఆ బర్రె. నేను, మీ బావ, ఊళ్ళో సెలైను డాక్టరు, అందరం దాని తర్వాతే.’’

ఆమె నా ముఖం వైపు చూసింది. ‘‘కోతలా?’’

‘‘కోతలు కాదక్కా. ఇయ్యాల నా దగ్గర ఒక్కటి కూడా లేదు.’’

గోడ అవతల బావ ఏడవడం వినిపించింది. ఆమె అటు తల తిప్పింది. చాలా రోజుల తర్వాత ఒక శబ్దానికి ఆమె తల తిప్పడం చూశాను.

ఆ పూట ఆమెను ఒంటరిగా వదల్లేదు. పక్కింటి పిన్నమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. పొలం మందులన్నీ ఆ ఇంటి నుంచి తీయించి మా ఇంటికి చేర్చాం. మధ్యాహ్నానికి నరసరావుపేటలో మానసిక వైద్యురాలి ముందు ఉన్నాం. ‘‘పిచ్చి డాక్టరా?’’ అని బావ గుమ్మం దగ్గర తటపటాయిస్తే, ‘‘నా బండి మీద దున్నపోతుల సరుకు పెట్టుకుని ఊరంతా తిరుగుతాను, నాకే లేని సిగ్గు నీకెందుకు?’’ అని లోపలికి తోశాను.

డాక్టరమ్మ ఆమెతో విడిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత మాకు చెప్పింది. దీన్ని మేజర్ డిప్రెసివ్ డిజార్డర్ అంటారు. మామూలు దిగులు కాదు, జబ్బు. ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం, దిగులో శూన్యమో రోజంతా వదలకపోవడం, నిద్ర, తిండి చెడటం, మాట, నడక మందగించడం, నేను బరువు అనుకోవడం, ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకు చూపించాలి. మన దగ్గర చాలామంది దిగులని చెప్పరు, తలనొప్పి అనో ఒళ్ళు నొప్పులనో చెబుతారు. చావు మాట బయటపడినా, అనుమానం వచ్చినా రెండు వారాలు కాదు, ఒక్క పూట కూడా ఆగకూడదు. నలిగిపోయిన మనిషి ఉన్నట్టుండి ప్రశాంతమై, ఇష్టమైనవి పంచిపెడుతుంటే, అది తగ్గడం కాకపోవచ్చు, నిర్ణయం తీసుకోవడం కావచ్చు.

‘‘ఏం తక్కువ చేశానమ్మా నేను?’’ అన్నాడు బావ.

‘‘మీ గేదెకు జ్వరమొస్తే దానికేం తక్కువైందని అడిగారా?’’ అందామె.

మందులు పనిచేయడానికి వారాలు పడుతుందని, బాగుందని మధ్యలో ఆపకూడదని చెప్పింది. అలాగే అయింది. మొదట నిద్ర వచ్చింది. తర్వాత తిండి. మధ్యలో ఒకసారి మళ్ళీ వెనక్కి జారింది, మందు మార్చారు. నేను అటు పోయినప్పుడల్లా వెళ్ళి అరుగు మీద కూర్చునేవాణ్ణి. కోతలు కొయ్యలేదు. ‘నిన్న పడుకున్నావా, తిన్నావా, ఆ ఆలోచన వచ్చిందా’ అని ముఖం మీదే అడిగేవాణ్ణి. అడిగితే ఆ ఆలోచన గుర్తుచేసినట్టవుతుందని ఊళ్ళో అన్నారు. కాదని డాక్టరమ్మ చెప్పింది. గొడ్డును తాకి చూస్తే జ్వరం రాదు కదా, ఉన్నది తెలుస్తుంది.

గౌరి వీరయ్య దగ్గరే ఉంది, రెండు పూటలా పాలిస్తోంది. పలుపు మాత్రం బావ తెచ్చి చూరుకు తగిలించాడు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒకటే. గొడ్డు మేత మానేస్తే ఊళ్ళో నలుగురూ మూగుతారు, నాకు ఫోను చేస్తారు. మనిషి మేత మానేస్తే ‘ఏం తక్కువ’ అంటారు. అందుకని ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా గేదెతోపాటు పితికే మనిషిని కూడా చూస్తాను. నేను కోత కోసినప్పుడు ఎవరు తిట్టారో కాదు, ఎవరు ఊరికే ‘అట్టనా’ అన్నారో గుర్తుపెట్టుకుంటాను. వాళ్ళ ఇంటికి మర్నాడు మళ్ళీ వెళ్తాను, గేదెకు ఏమీ లేకపోయినా.

ఆ చలికాలంలో ఒక రోజు కోటేశ్వరమ్మక్క అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తూ చూరు వైపు చూసింది. ‘‘ఒరేయ్ సాంబా, ఆ పలుపు ఊరికే ఎందుకురా వేలాడదీశారు? దానికో బర్రెను చూడు.’’

ఇన్ని నెలలుగా దాచుకున్న కోత ఒకటి బయటికి తీశాను. ‘‘ఎడ్లపాడులో ఒక బర్రె ఉందక్కా, పాలతోపాటు పంచదార కూడా అదే ఇస్తది’’ అన్నాను.

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. ‘అట్టనా’ అంటుందేమోనని చూశాను.

‘‘టీపొడి కూడా ఇచ్చేదుంటే చెప్పు, కొంటా’’ అంది.

ఓడిపోయాను.